మగ్గం గదిలో కొత్త బూట్లు

మార్చి నెల, రెండో ఆదివారం, సాయంత్రం. గద్వాల, కోట వెనకాల ఫంక్షన్ హాలు. వచ్చినవారు: సినిమా తీసిన డ్యాన్సు టీచరమ్మ, కెమెరా పట్టిన ఆమె అన్న, పొద్దున పూట మైదానంలో ఏరోబిక్స్ చేసే ఆడవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు, మా వీధి నేత కుటుంబాల పెద్దలు, నా స్నేహితుడు, ఆయన భార్య, ఆయన కోడలు, నేను. రానివారు: స్నేహితుడి కొడుకు. రాయచూరు బట్టల దుకాణంలో సెలవు దొరకలేదు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ రాసుకోవడం ఉద్యోగం నేర్పిన అలవాటు. నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో, చివరగా గద్వాలలో బస్సు డిపో కంట్రోలర్‌గా పనిచేశాను. ఏ బస్సు వచ్చింది, ఏది రాలేదు, ఎందుకు రాలేదు అని రాయడమే నా పని. ఇంటికొచ్చాక అదే చేత్తో ఇంటి సంగతులు కూడా రాసేవాడిని. "ఇంట్ల గుడ బస్సులు నడుపుతున్నవా?" అని నా భార్య నవ్వేది.

మాది తిమ్మాజిపేట పక్కన చిన్న పల్లె. రిటైరయ్యాక అక్కడికే వెళ్లిపోదామనుకున్నాం. కానీ ఆమెకు గద్వాల నచ్చింది. వీధిలో నడుస్తుంటే ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుందని, ఆ చప్పుడుంటే మధ్యాహ్నం బాగా నిద్ర పడుతుందని అనేది. అలా ఉండిపోయాం. మాకు పిల్లలు లేరు. ఆమె పోయాక ఆ రెండు గదుల ఇల్లే నాకు పెద్దదైపోయింది. మగ్గాల చప్పుడు కూడా ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది.

నా స్నేహితుడు నేతగాడు. వీధి మలుపులో ఆయన ఇల్లు, వీధి చివర నాది. మోకాళ్లు అరిగిపోయి ఆయన మగ్గం దిగి కొన్నేళ్లయింది. సాయంత్రం ఎండ తగ్గగానే నేను వెళ్లి ఆయన అరుగు మీద కూర్చుంటాను. ఆయన భార్య చాయ్ పంపుతుంది. కాసేపు మాట్లాడుకుంటాం. చాలా రోజులు మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు, ఊరికే వచ్చేపోయేవాళ్లను చూస్తాం. రోజు మొత్తంలో నేను నోరు తెరిచేది అక్కడే. మిగతా సమయమంతా పాలవాడితో "చాలు", కూరగాయల బండి దగ్గర "ఎంత", అంతే. ఊళ్లో ఎన్నో అరుగులున్నాయి, కానీ పిలవకుండా వెళ్లి కూర్చోగలిగినది నాకు అదొక్కటే. ఆ ఆదివారం నేను పోగొట్టుకునే స్థితికి వచ్చింది ఆ చోటునే. కాబట్టి దాని సంగతి ముందే చెబుతున్నాను.

డ్యాన్సు టీచరమ్మ నాగర్‌కర్నూల్ పిల్ల. వాళ్ల నాన్న నాతో పనిచేసిన కండక్టర్. హైదరాబాదులో ఏరోబిక్స్ నేర్చుకుని వచ్చి, గద్వాలలో ఒక స్కూల్లో డ్యాన్సు చెబుతూ, పొద్దున్నే మైదానంలో ఆడవాళ్లకు క్లాసు పెట్టింది. మొదట వచ్చింది నేత ఇళ్ల ఆడవాళ్లే. పొద్దంతా కూర్చుని నూలు కండెలు చుట్టి చుట్టి నడుములు పట్టేసినవాళ్లు. వీధిలో దానికి "ఎగురుడు" అని పేరు పడింది. "ఏం పిన్నీ, యాడికి?" అంటే "ఎగురుడుకు" అని చెప్పి వెళ్లేవాళ్లు. నా స్నేహితుడి కోడలు అందులో మొదటి రోజు నుంచీ ఉంది. ఇంట్లో నోరెత్తని మనిషి, మైదానంలో అందరికంటే ముందు నిలబడేది.

వీళ్లందరినీ పెట్టి సినిమా తీయాలని ఆ పిల్లకు బుద్ధి పుట్టింది. అన్న పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు, కెమెరా ఉంది. నాగర్‌కర్నూల్ చెరువు కట్ట మీద కొంత, గద్వాల వీధుల్లో కొంత తీశారు. కథ చిన్నది. నడుం నొప్పితో మూలుగుతున్న ఒక నేత ఇల్లాలు, ఊరికొచ్చిన డ్యాన్సు టీచరు, నవ్వే ఊరు, చివరికి అందరూ కలిసి ఆడే ఆట. మగ్గం గదిలో ఒక పాట తీయాలని, ఎవరి గదైనా ఇప్పించమని ఆ పిల్ల నన్నడిగింది. నేను అరుగు మీద స్నేహితుడిని అడిగాను.

"ఏం సినిమా సారూ అది?" అన్నాడు.

"ఆడోళ్లు ఎక్సర్‌సైజు చేసే సినిమా."

"ఫైటింగ్ ఉంటదా?"

"లేదు."

"ఎవరన్న సస్తరా?"

"ఎవరూ సావరు."

"మరి ఎవడు సూస్తడయ్యా దాన్ని?"

లోపలి నుంచి ఆయన భార్య, "నీ కోడలున్నది గదా అండ్ల. నువ్వే ముంగట కూసోని సూస్తవు" అంది.

ఆయన కాసేపు మోకాలు రుద్దుకున్నాడు. "నాకేం తెల్వదు సారూ. నువ్వు అడిగినవు, ఇస్త. నేను వచ్చే వారం రాయచూరు పోతున్న, కన్ను ఆపరేషన్‌కు. కొడుకు కాడ ఉంట. నువ్వు దగ్గరుండి సూసుకో. మగ్గానికి ఏం గావద్దు, అంతే."

ఆయన రాయచూరులో ఉన్నప్పుడే షూటింగ్ జరిగింది. ఆయన భార్య కూడా ఆయన వెంటే వెళ్లింది. ఇంట్లో కోడలు మాత్రమే ఉంది. నేను పొద్దున్నే వెళ్లి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పోగు లేని మగ్గం కదా, ఆ గదిలో ఇంటి సామాను చేరింది. మగ్గం చెక్క మీద ఉల్లిగడ్డల సంచి, పక్కన పాత ట్రంకుపెట్టె, చక్రం లేని సైకిలు. అవన్నీ బయటపెట్టి, చిమ్మి, మగ్గాన్ని తడిగుడ్డతో తుడిచారు. ఎదురింటి ముసలి నేతగాడు గడపలో నిలబడి అంతా చూసి వెళ్లాడు.

ఆడవాళ్లంతా సినిమా కోసం ఒకే రకం తెల్ల బూట్లు కొనుక్కున్నారు. వాటితో గడప దాటబోతే నేను ఆపాను. మగ్గం గదిలోకి చెప్పులు రావని నాకు తెలుసు. ఇన్నేళ్లలో నేనూ ఎప్పుడూ అరుగు కిందే విడిచాను.

"అంకుల్, ఇవి బండలు. వట్టి కాళ్లతోని ఎగిరితే మోకాళ్లు పోతయ్" అంది టీచరమ్మ.

"పోతే పోనీ బిడ్డా. బూట్లు మాత్రం రావు."

అప్పుడు ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకున్నారు. అందరూ మగ్గం ఇళ్లవాళ్లే, నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు. ఒకామె అంది, "డబ్బాల నుంచి తీసినయి, ఇంకా నేల తొక్కలె. నేల తొక్కని బూటు చెప్పు ఎట్లయితది?" కొత్త బండికి చేసినట్టు వీటికీ పూజ చేస్తే సరిపోతుందని ఇంకొకామె అంది. స్నేహితుడి కోడలు లోపలికి వెళ్లి పసుపు, కుంకుమ తెచ్చింది. తెల్ల బూట్ల పైన బొట్టు పెడితే కెమెరాలో మరకలా కనిపిస్తుందని టీచరమ్మ అంటే, అడుగున పసుపు రాశారు. ఆ బూట్లను మగ్గం ముందు వరుసగా పెట్టి, అగరొత్తి వెలిగించి, దండం పెట్టుకుని, అక్కడే కూర్చుని తొడుక్కున్నారు. ఆ ఇంటి కోడలే తన చేత్తో పసుపు రాసింది. నేత ఇంటివాడిని కాని నేను కాదనలేదు, కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ పద్ధతి నాకు నచ్చింది కూడా.

కెమెరా అతను కాళ్లు కడుక్కుని, నేతగాడు కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగి, అక్కడి నుంచి పైకి చూస్తూ తీశాడు. ఎందుకని అడిగితే, "కింద నుంచి తీస్తే మగ్గం గుడి లెక్క కనిపిస్తది సార్" అన్నాడు.

స్నేహితుడు కంటికి నల్ల అద్దాలతో తిరిగి వచ్చాక, షూటింగ్ బాగా అయిందని, మగ్గానికి ఏమీ కాలేదని చెప్పాను. అది నిజమే. బూట్ల సంగతి చెప్పాలని తోచలేదు. పసుపుతో అది తీరిపోయిన విషయం అనుకున్నాను.

ఆదివారం హాలు నిండిపోయింది. పెళ్లి కుర్చీలు వేశారు, వేదిక మీద తెల్ల గుడ్డ కట్టారు. నా స్నేహితుడు ఉతికిన పంచె కట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. నేను ఆయన పక్కన. ఆయన భార్య, కోడలు వెనక ఆడవాళ్లలో ఉన్నారు.

సినిమా గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మాట ఒకసారి పెదాల కంటే ముందు వచ్చింది, ఒకసారి వెనక వచ్చింది. విషాద ఘట్టంలో ఒక మేక అడ్డంగా నడిచి వెళ్లింది, దాన్ని తీసేయలేదు. చెరువు కట్ట మీద పాటలో మొదటి చరణంలో ఎండ, రెండో చరణంలో మబ్బు. ఎక్సర్‌సైజు చాలా సేపు సాగింది. వెనక కుర్చీల్లోంచి ఒకడు, "అక్కా, మేము గుడ లేసి చెయ్యాల్నా?" అని అరిచాడు. హాలంతా నవ్వింది. ఇంకొకడు, "ఇది సినిమానా, పెండ్లి క్యాసెట్టా? భోజనాలు ఎప్పుడు సూపిస్తరు?" అన్నాడు.

కానీ నవ్వినవాళ్లే మధ్యలో నిశ్శబ్దమయ్యారు. ఇల్లాలు రాత్రి గోడకు చెయ్యి ఆనించి నడుం నిలబెట్టుకునే చోట ఒక్కరూ కిక్కురుమనలేదు. నా వెనకాల ఒక ముసలామె పక్కామెతో గుసగుసగా, "గట్లనే ఉంటది. సరిగ్గ గట్లనే" అంది. నా స్నేహితుడు కోడలిని తెర మీద చూసి మొదట గొంతు సవరించుకున్నాడు, తర్వాత నా మోచేతిని తట్టాడు. "సూసినవా, మంచిగనే చేస్తుంది" అన్నాడు. ఆ మాటకు నాకే ఎవరో మెచ్చుకున్నట్టు అనిపించింది.

విరామానికి ముందు మగ్గం గది పాట వచ్చింది.

కింద నుంచి తీసిన మగ్గం నిజంగానే గుడిలా ఉంది. దాని మీదుగా, తెర నిండా, బూట్లు. ఒక్కో బూటు తలుపంత ఉంది. ఎగిరినప్పుడల్లా వాటి అడుగుభాగాలు కనిపించాయి. ఆ పాత ప్రొజెక్టర్ వెలుగులో పసుపు పసుపులా లేదు. బజారు బురదలా ఉంది. మగ్గం గుంట అంచు మీద బురద కాళ్లతో ఎగురుతున్నట్టే ఉంది చూసేవాళ్లకు. కుర్రవాళ్లు ఈలలు వేశారు. పెద్దవాళ్లలోంచి "అయ్యో, అయ్యో" అని వినిపించింది. నా స్నేహితుడు నా వైపు తిరగలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

లైట్లు వెలిగాయి. చాయ్ కప్పులు, బిస్కట్లు పంచుతుండగానే హాలు రెండుగా చీలింది.

"మగ్గం కాడ బూట్లా? మన ఇండ్లల్ల పుట్టినోళ్లేనా మీరు?" అని ఒక పెద్దాయన లేచాడు.

ఆడవాళ్లలోంచి ఒకామె అందుకుంది: "కొత్త బూట్లు చిన్నాయనా, డబ్బాల నుంచి తీసి గాడనే తొడుక్కున్నం. నేల తొక్కలె."

"మగ్గం గది నేల నేల గాదా?"

"పసుపు రాసినం, దండం పెట్టినం."

"యాడ పసుపు? బురద కనబడ్డది మాకు!"

"అదే పసుపు! మీ కండ్లకు బురద లెక్క అగపడితే మేమేం జేస్తం?" అంది వేరొకామె. "కొత్త మోటారుసైకిలుకు నిమ్మకాయలు తొక్కిచ్చి గుడి ముంగట్లకు తోల్తరు గదా. దాని చక్రాలు ఊరంత తిరిగి వస్తయి. మా బూట్లు పెట్టె దాటి రాలె."

దీనికి కొందరు చప్పట్లు కొట్టారు. సినిమా బాగుందా లేదా అన్న మాట ఎవరికీ గుర్తు లేదు. టీచరమ్మ వేదిక దగ్గర మైకు పట్టుకుని నిలబడిపోయింది. స్నేహితుడి కోడలు తల వంచుకుని కూర్చుంది, మామ వైపు చూడటం లేదు.

అప్పుడు నా స్నేహితుడు లేచాడు. గొంతు పెద్దదిగా లేదు. "అది మా అయ్య కూసున్న గుంట. నేను కూసున్న గుంట. గాడ కాళ్లు కడుక్కోకుండ నేనెన్నడు దిగలె" అన్నాడు.

హాలు కొంచెం సద్దుమణిగింది. అంతలో ఎదురింటి ముసలి నేతగాడు, చాయ్ ఊదుకుంటూ, తన కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు:

"మరి దాని మీద ఉల్లిగడ్డల సంచి ఏసినవు గదనే. ఉల్లిగడ్డలు కాళ్లు కడుక్కొని ఎక్కినయా?"

హాలు విరగబడి నవ్వింది. బూట్లు తప్పన్నవాళ్లు, తప్పు లేదన్నవాళ్లు అందరూ ఒక్కటై నవ్వారు. అంత తగవు తర్వాత ఎప్పుడు నవ్వుదామా అని ఎదురుచూస్తున్నట్టు నవ్వారు. నేనూ నవ్వాను. ఆపుకోవాలని చూశాను కూడా, చాయ్ పంచె మీద ఒలికింది. తుడుచుకుని తలెత్తేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు.

నోరు మూసుకున్నాను. కానీ అప్పటికే చూశాడు.

"నువ్వు కుర్చీ ఏసుకొని ఆడనే కూసున్నవు గదా సారూ" అన్నాడు. అంత నవ్వులో ఆ మాట నాకొక్కడికే వినిపించి ఉంటుంది. "మీరు సూడుండ్రి. మీరంత సూడుండ్రి."

ఇన్నేళ్లలో నన్ను మీరు అనడం అదే మొదలు. ఆయన కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఆయన భార్య లేవబోయి, కోడలి భుజం మీద చెయ్యి పెట్టి మళ్లీ కూర్చుంది. నేను ఆయన వెనకే బయటికి వచ్చాను.

ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. ఆయన ముందు నడుస్తున్నాడు, నేను వెనక. మోకాళ్ల నొప్పి వల్ల ఆయన వేగంగా నడవలేడు, నేను కావాలనుకుంటే నాలుగు అంగల్లో కలుసుకోగలను. కలుసుకోలేదు. మురుగునీటి చిన్న మోరీ దగ్గర ఆయన ఆగి గోడకు చెయ్యి ఆనించాడు. నేనూ ఆగాను. మళ్లీ నడిస్తే నేనూ నడిచాను. మా వెనక హాల్లో సినిమా మళ్లీ మొదలైంది, పాట, ఈలలు, చప్పట్లు వినిపించాయి. రెండో సగంలో ఏముందో మా ఇద్దరికీ తెలియదు.

ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. పసుపు సంగతి చెప్పాలి. కోడలే ఒప్పుకుందని చెప్పకూడదు, ఆ పిల్లకు ఇబ్బంది. నవ్వింది ఆయనను చూసి కాదని చెప్పాలి. మరి ఎవరిని చూసి నవ్వాను? ఎదురింటాయన మాటకు. ఆ మాట ఎవరి గురించి? అక్కడికి వచ్చి ఆలోచన ఆగిపోయేది.

ఆయన ఇంటి ముందు అరుగు దగ్గర నేను మామూలుగా చెప్పులు విడిచే చోట నిలబడ్డాను. ఆయన తాళం తీశాడు. లోపల లైటు వేశాడు. మగ్గం గది తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.  పిలుస్తాడేమోనని చాలాసేపు చూశాను. వీధిలో ఎవరో వస్తున్నట్టు అనిపించి నేను కదిలాను.

ఇంటికొచ్చి డైరీ రాశాను. వచ్చినవారు, రానివారు, విరామం, నవ్వు. తర్వాత నిద్ర పట్టక, రేపు పొద్దున్నే వెళ్దామని నిర్ణయించుకున్నాను. సాయంత్రం దాకా ఆగితే మాట గట్టిపడుతుంది. ఉద్యోగంలో కూడా డ్రైవర్లతో తగవు వస్తే ఆ డ్యూటీ ముగిసేలోపే తేల్చుకునేవాడిని.

మర్నాడు పొద్దున, పాలవాడు రాకముందే బయలుదేరాను. ఆ ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆయన భార్య కొంగు నడుముకు చుట్టుకుని మగ్గం గది కడుగుతోంది. బకెట్ల నీళ్లు గడప దాటి అరుగు మీద నుంచి వీధిలోకి పారుతున్నాయి. నీళ్లు పచ్చగా ఉన్నాయి, పసుపు కలిపినట్టుంది. ఉల్లిగడ్డల సంచి వీధిలో గోడ వారగా ఉంది.

"లేడా చెల్లె?" అన్నాను.

"వనపర్తి పోయిండు అన్నా."

"వనపర్తా? ఎందుకు?"

"ఎందుకేంది, సినిమాకే. ఇయ్యాల గాడ గుడ ఆట ఏస్తున్నరు గదా." చీపురు ఆపి నడుం నిలబెట్టుకుంది. "రాత్రి కోడలి మీద అంతెత్తున లేసిండు. అది ఏడ్సింది. నేను ఇద్దర్ని తిట్టిన. ముగ్గురం తినకుండ పండుకున్నం. పొద్దుగాల అది చాయ్ తెచ్చిచ్చి, 'మామా, సగం సూసి గిన్ని మాటలన్నవు, కడమ సగం గుడ సూసి అను' అన్నది. ఏమనుకున్నడో ఏమో, లేసి అంగి తొడుక్కున్నడు. ఎగురుడోళ్ల వ్యాన్ల డ్రైవర్ పక్కన కూసోని పోయిండు, పెండ్లికొడుకు లెక్క."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. కోపం అంత తొందరగా చల్లారినందుకు నాకు సంతోషం కలిగింది. వ్యాను ఇప్పుడు బీచుపల్లి వంతెన దాటి ఉంటుందని, పెబ్బేరు దగ్గర చాయ్‌కి ఆపుతారని లెక్క కట్టుకున్నాను. రాత్రి నన్నూ పిలిచి ఉంటే వెళ్లేవాడినే. వ్యాన్లో చోటు లేకపోయినా వెనక బస్సులో వెళ్లేవాడిని.

"నా సంగతి ఏమన్న అన్నడా?"

ఆమె ఒక చెంబు నీళ్లు మగ్గం గుంట అంచు మీద పోసి, చేత్తో రుద్దింది.

"నువ్వు నవ్వినవంట గదా."

"అందరు నవ్విరి చెల్లె."

"అందరితోని ఆయనకేం పని అన్నా?"

 కోడలు పొద్దున లేస్తే చాయ్ ఇవ్వాలి, ఆయన తాగాలి. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ వీలుంది. నాకు చాయ్ ఇచ్చేది వాళ్ల ఇల్లు, నేను వాళ్లకు ఇచ్చేది ఏమీ లేదు. నిలబడే ఉన్నాను. అరుగు మీద నీళ్లు, కూర్చోవడానికి లేదు.

"జర పక్కకు జరుగు, నీళ్లు పడ్తయ్" అంది. జరిగాను. ఆమె నా కాళ్ల వైపు చూసింది. చెప్పులు ఎప్పటిలాగే అరుగు కిందే విడిచి ఉన్నాయి. అది చూసి తనే కొంచెం ఇబ్బందిపడినట్టు మొహం తిప్పుకుంది.

"మరి సాయంత్రం రానా?" అని అడిగాను. ఇన్నేళ్లలో ఆ మాట అడగాల్సిన అవసరం రాలేదు.

ఆమె చీపురు తీసుకుంది. కటువుగా అనలేదు, తోబుట్టువుతో చెప్పినట్టే చెప్పింది. "నాలుగు దినాలు రాకు అన్నా. ఆయన మనసు జర సల్లబడనియ్యి. నేనే చెప్పి పంపుత."

"సరే చెల్లె" అన్నాను. చెప్పులు తొడుక్కున్నాను. తడిసిన కాళ్లకు అవి జారాయి, మళ్లీ సరిచేసుకున్నాను.

మైదానం ఖాళీగా ఉంది, ఎగురుడు ఆడవాళ్లంతా వనపర్తి వెళ్లారు. మా వీధిలో అప్పుడప్పుడే ముగ్గులు వేస్తున్నారు. ఇప్పుడే కదా వెళ్లావు, ఇంత తొందరగా తిరిగొచ్చావేమని ఎవరైనా అడుగుతారనిపించి, వచ్చిన దారిన పోకుండా కోట చుట్టూ తిరిగి ఇంటికి నడిచాను. ఎవరూ అడగలేదు.